ఊరు మునిగినా సర్వే నంబరు మునగదు

ప్రశ్న: మా నాన్నగారు నిరుడు పోయారు. ఆయనది పాత నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పల్లె. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయింది. ఊరు ఖాళీ చేయించిననాటికి నాన్నకు పద్నాలుగేళ్ళు. “మా ఊరు నీళ్ళలో ఉంది” అనడమే తప్ప ఇంకేమీ చెప్పేవారు కాదు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక చిరిగిన కాగితం దొరికింది. దాని మీద మా తాత పేరు, ఒక సర్వే నంబరు, పక్కన “య 3-64” అని ఉన్నాయి. మా ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరే, కానీ అది మునిగిన ఊరి పేరు కాదు. అవ్వ ఏటి అవతల కొల్లాపురం వైపు ఆడపిల్ల అని మాత్రం తెలుసు, ఏ ఊరో తెలియదు. డెబ్భై రెండేళ్ళ మేనత్త కర్నూలులో ఉన్నారు. ఊరి మాట ఎత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. “నీళ్ళలో ఏం వెతుకుతావు?” అంటాడు అన్నయ్య. మా వంశం గురించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చివరి వాక్యంలో “మా వంశం” అన్నారు. దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి, ముందు ఊరిని వెతకండి. మనలో చాలా కుటుంబాలకు రాసిపెట్టుకున్న వంశవృక్షం లేదు. ముత్తాత పేరు దాటి ముందుకు వెళ్ళలేక అక్కడే ఆగిపోతాం. కానీ మన పెద్దలు కాపురమున్న నేలను మాత్రం ఏ ప్రభుత్వమూ కొలవకుండా వదల్లేదు. శిస్తు కోసం ఒకసారి, నీళ్ళకింద ముంచడం కోసం ఇంకోసారి కొలిచారు. కొలిచిన ప్రతిసారీ అక్కడున్న మనిషి పేరు రాసుకున్నారు. మీ అన్నయ్య అనుకుంటున్నట్టు మునిగిన ఊరు వెతకడానికి కష్టమైన ఊరు కాదు. కాగితాల విషయానికొస్తే, నిలిచి ఉన్న పల్లెలకంటే మునిగిన పల్లెల గురించే ఎక్కువ రాశారు.

ముందుగా మీ చేతిలో ఉన్న ఆ చిరుగు కాగితాన్ని చదువుదాం. “య” అంటే యకరాలు. తరువాతి అంకె 64. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఏటికి ఏ ఒడ్డో చెప్పేస్తుంది. పాత మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) భాగమైన కర్నూలు వైపు ఎకరాన్ని నూరు సెంట్లుగా లెక్కపెట్టేవారు. నిజాం ఏలుబడిలోని అవతలి ఒడ్డున ఎకరాకు నలభై గుంటలు. గుంటల లెక్కలో 64 రాదు. కాబట్టి ఆ పొలం ఖాయంగా ఇవతలి ఒడ్డుదే. అవతలి ఒడ్డున ఉన్న అవ్వ పుట్టింటి కాగితాలు మీకు ఎదురైనప్పుడు 39 దాటిన గుంటల అంకె ఎక్కడా కనిపించదు. ఇలాంటి గుర్తులు పేర్లకంటే నమ్మదగినవి.

ఇక ఇంటిపేరు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఇంటిపేరులో ఉన్న ఊరు మీవాళ్ళు ఉన్న ఊరు కాదు, విడిచివచ్చిన ఊరు. ఒక ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరుగా పెడితే ఎవరిని ఎవరని గుర్తుపడతారు? బయటికి వెళ్ళి ఇంకో ఊళ్ళో కాపురం పెట్టినప్పుడే “ఫలానా ఊరివాళ్ళు” అన్న పిలుపు పుట్టి, అదే ఇంటిపేరుగా నిలబడిపోతుంది. అంటే మీ కుటుంబం కదిలింది ఒకసారి కాదు, కనీసం రెండుసార్లు: ఇంటిపేరులోని ఊరి నుంచి కృష్ణ ఒడ్డుకు, కృష్ణ ఒడ్డు నుంచి కర్నూలుకు. మొదటి కదలిక ఎప్పటిదో, ఏ కరువుకో, ఏ పెళ్ళి సంబంధానికో ఇప్పుడే తేల్చాలని చూడకండి. తెలుగునాట ఒకే పేరుతో పది ఊళ్ళుంటాయి. వాటిలో మీది ఏదో చెప్పగలిగేది మీ ఇంటి మొక్కుబడే. మొదటి పుట్టువెంట్రుకలు ఏ దేవుడికి ఇచ్చేవారు, ముడుపు ఏ కొండకు కట్టేవారు అన్నది అత్తయ్య నోట వచ్చిననాడు ఆ దారి తెరుచుకుంటుంది. అందాకా దాన్ని అలాగే ఉంచండి.

మునిగిన ఊరి దగ్గరికి వద్దాం. శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టం కింద సుమారు నూరు ఊళ్ళు ఉన్నాయి, రెండు ఒడ్లవీ కలిపి. 1981 వేసవిలో ఇళ్ళు కూల్చి మరీ ఖాళీ చేయించారు. తెలుగు సంవత్సరాల లెక్కలో అది దుర్మతి. మీ అత్తయ్య “దుర్మతిలో పోయింది మా ఊరు” అన్నారంటే ఆశ్చర్యపోకండి, ఆ తరంవాళ్ళు సంవత్సరాలను పేర్లతోనే గుర్తుపెట్టుకుంటారు. అరవై ఏళ్ళ పేర్ల పట్టిక ఒకటి దగ్గర పెట్టుకోండి. “పార్థివలో మా అమ్మ పెళ్ళి” అంటే 1945-46 అని వెంటనే తెలిసిపోతుంది. పాత రెవెన్యూ లెక్కలు మాత్రం ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటాయి. ఫసలీ అంకెకు 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది.

భూమి తీసుకునేటప్పుడు 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఊరూరికీ అవార్డు రాశారు. పరిహారం తేల్చిన ఉత్తర్వును అవార్డనే అంటారు, కార్యాలయంలో అడిగేటప్పుడు కూడా అదే మాట వాడండి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి పేరు వరుసగా ఉంటాయి. ఇళ్ళకు, బావులకు, చెట్లకు విడిగా వెల కట్టారు. తాత ఇంటి గోడలు రాతివా మట్టివా, పెరట్లో చింతచెట్టు ఉందా లేదా అన్నది కూడా ఆ పట్టికల్లో దొరకవచ్చు. ఆ నాలుగు గీతల మధ్య మీ నాన్న పద్నాలుగేళ్ళు పెరిగిన ఇల్లుంది. పరిహారం చాలదని కోర్టుకు ఎక్కిన కుటుంబాలూ ఉన్నాయి. మీ ఊరివాళ్ళు అలా వెళ్ళి ఉంటే ఆ తీర్పులో సాక్షుల మాటలు కూడా ఉంటాయి: ఎవరి పొలం ఎవరి గట్టున, ఏ పంట పండేది, ఊరికి రోడ్డు ఎంత దూరం.

ఎక్కడ అడగాలి? కర్నూలు జిల్లా 2022లో రెండుగా విడిపోయి, మీ తాలూకా నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. పాత దస్త్రాలు కర్నూలు కలెక్టరేటులోనే ఉండిపోయాయా, కొత్త జిల్లాకు మారాయా అన్నది ఊరి పేరు చెప్పి అడిగితేనే తెలుస్తుంది. భూసేకరణ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తులో “మా తాతగారి వివరాలు కావాలి” అని రాయకండి. ఊరి పేరు, పాత తాలూకా, సర్వే నంబరు రాసి “ఈ సర్వే నంబరుకు సంబంధించిన అవార్డు నకలు” అని అడగండి. కార్యాలయంలో దస్త్రాలు కట్టేది మనుషుల పేర్ల మీద కాదు, ఊళ్ళ మీద, నంబర్ల మీద. మీకు దొరికిన ఆ చిరుగు కాగితం విలువ అక్కడే ఉంది.

అవార్డు దొరికిన తరువాత అదే సర్వే నంబరు పట్టుకుని వెనక్కి నడవవచ్చు. బ్రిటిషు కాలంలో శిస్తును మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్మెంటు రిజిస్టరులో ఆ నంబరు ఎదుట ఎవరి పేరుందో చూడండి. మీ తాత తండ్రిదో, తాతదో కావచ్చు. వేరే ఇంటిపేరు ఉంటే, మీవాళ్ళు ఆ పొలం కొన్నారన్నమాట. అప్పుడు రిజిస్ట్రారు కార్యాలయంలో పాత దస్తావేజు ఉండే అవకాశముంది. దస్తావేజులో కొన్నవాడి పేరు పక్కన “ఫలానా గ్రామ కాపురస్తుడు” అని రాయడం ఆనవాయితీ. ఇంటిపేరులోని ఊరు ఏదో ఆ ఒక్క మాటలో బయటపడినా పడవచ్చు.

ఇక్కడ ఇతర పాఠకులకోసం ఒక మాట. పెద్దలకు పట్టా భూమి లేదని నిరాశపడేవాళ్ళు చాలామంది నాకు రాస్తుంటారు. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ ఏర్పడి, ఊరూరా ఇనాం భూముల లెక్క రాసింది. పూజారికీ కరణానికే కాదు, మంగలికి, చాకలికి, కుమ్మరికి, వడ్రంగికి, తలారికి, వెట్టివాడికి కూడా ఊరి సేవకు బదులుగా చెక్కలు చెక్కలుగా ఇనాం భూములుండేవి. ఆ రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడితో అతనికున్న చుట్టరికం రాశారు. 1860ల నాటి ఒక చాకలి కుటుంబంలో మూడు తరాల పేర్లు వరుసగా కనిపించే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

మీ పని మొదలయ్యేది మాత్రం కలెక్టరేటులో కాదు, కర్నూలులో మీ అత్తయ్య వాకిట్లో.

ఆవిడ ఏడుస్తారని రాశారు. ఏడవనివ్వండి. నలభై ఏళ్ళుగా ఆవిడను ఆ ఊరి గురించి అడిగినవాళ్ళు ఎవరున్నారు? కానీ అడిగే తీరు ఒకటుంది. “మన వంశం చెప్పు అత్తా, తాత తండ్రి పేరేమిటి, ఆయన తండ్రి పేరేమిటి” అని పరీక్ష పెట్టినట్టు అడిగితే రెండో ప్రశ్నకే గొంతు మూతపడుతుంది. మనుషుల గురించి కాకుండా దారుల గురించి అడగండి. “ఇంట్లోంచి నీళ్ళకు ఏ దారిన పోయేవాళ్ళు అత్తా? దారిలో ఎవరెవరి ఇళ్ళు?” అని.

మా పెద్దమ్మ దగ్గర నాకు ఇది అనుకోకుండా తెలిసింది. ఆవిడ పుట్టిన ఊరు కూడా చెరగిపోయిందే. ఎన్నిసార్లు అడిగినా “ఏముందిరా, అంతా మట్టి” అనేది. ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను ఒక గింజ నేలమీద పెట్టి “ఇది మీ ఇల్లు అనుకో” అన్నాను. ఆవిడ కాసేపు దాన్నే చూసి, వేలితో కొంచెం పక్కకు జరిపింది. “ఇక్కడ కాదు, ఇక్కడ. గుడి ఇటుంటుంది” అంది. అంతే, తరువాత గంటసేపు ఆపలేకపోయాను. గింజ తరువాత గింజ. ఒక్కో గింజ పెట్టినప్పుడు ఆ ఇంటివాళ్ళ పేరు, వాళ్ళకు మాకు చుట్టరికం, ఆ ఇంటి ఆడపిల్లను ఎక్కడ ఇచ్చారు, అన్నీ చెప్పుకుంటూ వెళ్ళింది. ఒక గింజను మాత్రం రెండుసార్లు పెట్టి రెండుసార్లు తీసేసింది. ఎవరిదని అడగలేదు. ఊరంతా అయ్యాక లెక్కపెడితే నలభై ఒక్క గింజలు. వంశం అడిగితే మూడు పేర్లు కూడా చెప్పలేకపోయిన మనిషి!

గింజలు పేర్చడం అయ్యేదాకా ఫోను బయటికి తీయకండి. తరువాత అనుమతి అడిగి ఒక ఫోటో తీసుకోండి. ఆవిడ ఆగిన చోట మీరూ ఆగండి. తీసేసిన గింజల గురించి ఎప్పుడో ఆవిడే చెబుతారు, చెప్పకపోతే అది ఆవిడ ఇష్టం.

అప్పుడు అడగవలసిన ఒకే ఒక్క ముఖ్యమైన ప్రశ్న: “ఊరు ఖాళీ చేసినప్పుడు దేవుడు ఎక్కడికి వెళ్ళాడు?” ముంపు ఊళ్ళవాళ్ళకు ఈ ప్రశ్న వింతగా ఉండదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. రూపాల సంగమేశ్వరుడి గుడి కర్నూలు దగ్గర జగన్నాథగట్టుకు చేరింది. అవి పురావస్తు శాఖ తరలించిన పెద్ద గుళ్ళు. చిన్న ఊళ్ళ అమ్మవార్లను, ఆంజనేయస్వాములను జనమే బండ్ల మీద పెట్టుకుని తీసుకువెళ్ళారు. దేవత ఎక్కడ నిలిచిందో ఊరివాళ్ళలో ఎక్కువమంది అక్కడే దిగి ఉంటారు, చాలాచోట్ల పాత పేరుకు ముందు “కొత్త” అని చేర్చుకుని. మీ ఊరి దేవత జాతర ఏ రోజో తెలుసుకుని ఆ రోజు వెళ్ళండి. నలుదిక్కులా చెదిరిన ఊరు ఆ ఒక్కరోజు ఒకచోట చేరుతుంది. తాత పేరు, తాత ఇంటి పక్క ఇంటివాళ్ళ పేరు చెప్పండి. రెండో పేరు ముఖ్యం, ఎందుకంటే మీ తాత కర్నూలు వెళ్ళిపోయారు, పక్కింటివాళ్ళు అక్కడే ఉండి ఉంటారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిమ్మన్న తొంభై ఎనిమిదో నంబరు ప్రభుత్వ ఉత్తర్వు (జీవో) కింద ఉద్యోగాల కోసం ఏళ్ళతరబడి తిరిగిన కుటుంబాలు కూడా అక్కడ కలుస్తాయి. 1986లో వచ్చిన ఆ ఉత్తర్వు కోసం వాళ్ళు భద్రంగా దాచుకున్న కాగితాల కట్టలు ఏ ఆర్కైవుకూ తీసిపోవు.

ఊరు ఎక్కడుండేదో కళ్ళతో చూడాలంటే పాత పటం కావాలి. అమెరికా సైన్యం 1950లలో అచ్చువేసిన భారతదేశపు పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంటర్నెట్టులో ఉంచింది, ఉచితంగా చూడవచ్చు. ఒక సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. జలాశయం పుట్టకముందు గీసినవి కాబట్టి కృష్ణ సన్నటి గీతలా ఉంటుంది, ఒడ్డు పొడవునా ఊళ్ళుంటాయి. మీ ఊరిని పటంలో పట్టుకున్నాక, గూగుల్ ఎర్త్‌లో వేసవి నెలల నాటి పాత చిత్రాలు ఒక్కొక్కటే తిప్పండి. నీళ్ళు బాగా తగ్గిన ఏడాది చిత్రంలో పొలాల గట్లు, బండ్లబాట జాడ కనిపించవచ్చు. 1961, 1971 జనాభా లెక్కల కర్నూలు జిల్లా పుస్తకాల్లో తాలూకావారీగా ఊళ్ళ జాబితా ఉంటుంది, ఎంతమంది జనం, ఎన్ని ఇళ్ళు అన్నది కూడా. అత్తయ్య పేర్చిన గింజల లెక్కతో పోల్చి చూసుకోండి. 1961 లెక్కలప్పుడు జాతరల మీద ప్రత్యేకంగా సంపుటాలు వేశారు, వాటిలో మీ ఊరి దేవత ఉందేమో చూడడం మరవకండి. ఆ తరువాతి దస్త్రాల్లో మీ ఊరి పేరు ఎదుట “బేచిరాగ్” అని కనిపిస్తే భయపడకండి. జనం లేని ఊరికి రెవెన్యూవాళ్ళ మాట అది. పారసీలో చిరాగ్ అంటే దీపం, దీపం వెలగని ఊరని అర్థం. మొదటిసారి ఆ మాట చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే మెకంజీ కైఫియత్తులున్నాయి. బ్రిటిషు సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో చనిపోయేదాకా, కావలి సోదరుల వంటి సహాయకులతో ఊరూరి చరిత్రలు రాయించాడు. మీ ఊరికి కైఫియత్తు ఉంటే అదృష్టం. అందులో మీ పూర్వీకుల పేర్లు దొరుకుతాయని ఆశించకండి, ఊరు ఎలా కట్టారో, ఎప్పుడు పాడుపడి మళ్ళీ నిలబడిందో తెలుస్తుంది. ఇంటింటి గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవారు, భట్రాజులు, డక్కలివారు, రుంజవారు, సాధనాశూరులు కూడా మనకున్నారు. మీ కులానికి ఎవరో నేను అడగను, అత్తయ్యకు తెలుస్తుంది. వాళ్ళు చెప్పే రాజుల కథలు వినండి, ఊళ్ళ పేర్లు మాత్రం రాసుకోండి. ఇంటిపేరు ఊరిని తేల్చడానికి అవి పనికొస్తాయి.

చివరగా మీ అవ్వ. ఉత్తరంలో నాన్నగారి గురించి నాలుగైదు వాక్యాలుంటే ఆవిడ గురించి ఒకటే ఉంది. మీ తప్పు కాదు, దస్త్రాలన్నీ అలాగే ఉన్నాయి. పట్టాలు మగవాళ్ళ పేర్ల మీద, తండ్రి పేరు గడి తప్ప తల్లి పేరుకు గడి లేదు. పెళ్ళయిన రోజున ఆడమనిషి ఇంటిపేరు కూడా మారిపోతుంది. ఆడవాళ్ళను వెతకడానికి దాదాపు ఒకే దారి, పుట్టిన ఊరు. అందుకే ఈ ఊళ్ళ వెతుకులాట మీద నాకింత పట్టుదల.

మీ అవ్వ విషయంలో ఆ ఏరు రెండు రాజ్యాలకు సరిహద్దు. 1948 దాకా అవతల నిజాం రాజ్యం, అందులో కొల్లాపురం ప్రాంతం జటప్రోలు సంస్థానం. పిల్లను ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రం ఆ సరిహద్దు ఎవరికీ అడ్డుకాలేదు, పుట్టిలో (గుండ్రటి తెప్పలో) కూర్చుంటే అవతలి ఒడ్డే. అత్తయ్యను “అమ్మ పుట్టింటికి వెళ్ళేటప్పుడు ఏ రేవులో పుట్టి ఎక్కేవాళ్ళు?” అని అడగండి. ఊరి పేరు మరిచిపోయినవాళ్ళు కూడా రేవు పేరు మరిచిపోరు. రేవు తెలిస్తే పాత పటంలో దానికి ఎదురుగా ఉన్న రెండుమూడు ఊళ్ళే మిగులుతాయి. ఆ ఊళ్ళకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఊరి పొలాల లెక్క) తెలంగాణ రెవెన్యూ కార్యాలయాల్లో దొరుకుతుంది. అందులో పట్టాదారులను, కబ్జాలో ఉన్నవాళ్ళను వేరువేరుగా రాశారు. అవ్వ అన్నదమ్ముల పేర్లు తెలుసుకుని అందులో వెతకండి. ఆవిడకు పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్ళు చెక్క ఏదైనా ఇచ్చారేమో కూడా అడగండి. కాగితం మీద ఆవిడ పేరు స్వయంగా ఉండే చోటు అదొక్కటే కావచ్చు. అంతకు ముందు తరాలకు సేత్వార్లు, అంటే మొదటి సర్వే నాటి భూమి రిజిస్టర్లు ఉన్నాయి, ఉర్దూ చదవగలిగినవారి సాయం కావాలి. సంస్థానాల సంగతులకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మీకు సిటీ బస్సులో వెళ్ళే దూరమే.

మీ అన్నయ్యకు ఇప్పుడే ఏమీ చెప్పకండి, వాదన వద్దు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు తగ్గితే, తరలించకుండా అక్కడే ఉన్న సంగమేశ్వరం గుడి పైకి తేలుతుంది, చుట్టుపక్కల ముంపు నేలల్లో రైతులు పంటలు కూడా వేసుకుంటారు. మీ ఊరి చోటు బయటపడిందని అక్కడివాళ్ళు చెబితే అప్పుడు అన్నయ్యను తోడు రమ్మనండి. ఒంటరిగా వెళ్ళకండి, ఆరినట్టు కనిపించే ఒండ్రు కింద అడుసు ఉంటుంది, దారి తెలిసిన జాలరి ముందు నడవాలి. నేను ఒకసారి అలాంటి చోట నిలబడ్డాను. గోడలు ఉండవు. నేలలో సగం కూరుకుపోయిన రోళ్ళు, గడప రాళ్ళు, బావి ఒరలు ఉంటాయి. ఒక గడప రాయి మధ్యలో అడుగులు పడి పడి నున్నగా, కొంచెం లోతుగా అరిగి ఉంది. గోడ లేని ఆ గడపను దాటడానికి మాతో వచ్చిన పెద్దాయన చెప్పులు విడిచారు.

అత్తయ్య వస్తానంటేనే తీసుకువెళ్ళండి. రానంటే బలవంతపెట్టకండి. కర్నూలులో ఆవిడ వాకిలి ఊడ్చి ఉంటుంది, చింతగింజలు ఒక దోసెడు చాలు.